రేగడి మన్నులో ఇంటి జాగ

ముప్పై ఏళ్లుగా మేము అద్దెకుంటున్న బోధన్ ఇల్లు కూల్చేస్తారని తెలిసింది వానాకాలం మొదట్లో. ఇంటాయన బట్టల దుకాణం నడిపిన పెద్దమనిషి. ఆయనే వచ్చి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, నా మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాడు. "సార్, మన గల్లీల అన్నీ కాంప్లెక్సులే అయిపాయె. నా పిల్లలు గూడ నా మాట ఇంటలేరు. దసరా దాంక ఉండుండ్రి." ఆయన్ని ఏమనగలను? చాయ్ తాగించి పంపాను.

నాకు అరవై రెండేళ్లు. చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా చెరుకు తోటలు తిరిగి, ఆ పని పోయాక ఎరువుల దుకాణంలో కూర్చుని, ఇక చాలనుకున్న సమయం. ఉన్నదంతా ఊడ్చి పెడితే ఒక్కచోటే కొనగలం. తప్పు చేస్తే దిద్దుకునే వయసు కాదు. పైగా మా ఆవిడకు ఆయాసం. రెండేళ్లలో మూడుసార్లు నిజామాబాద్ ఆస్పత్రిలో పడుకుని వచ్చింది. అందుకే, ఇంటి చుట్టూ తోట ఉండాలని నేనంటే, ఆమెది ఒకటే పట్టు.

"దవాఖాన దగ్గర రెండు అర్రలుంటె సాలు. నాకు తోట వద్దు, గీట వద్దు."

నిజామాబాద్ పేరెత్తితే నాకు ఒళ్లు మండేది. ఏముందని అక్కడ? ఎటు చూసినా నాలుగంతస్తులు, కింద షట్టర్లు, పైన నల్ల ట్యాంకులు. ఎండాకాలం పొద్దుగూకినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. ఒకప్పుడు బోధన్ నుంచి అక్కడిదాకా బస్సులో పోతే రెండు పక్కలా చెరుకే. ఇప్పుడు రంగు జెండాలు, కమానులు, హద్దురాళ్లు. వెంచర్లట! పండే నేలను ముక్కలు కోసి, దానికో ఇంగ్లిషు పేరు పెట్టి అమ్మడం. నేను తిట్టని రోజు లేదు. తిట్టి తిట్టి చివరికి నేనూ ఒక వెంచర్‌లోనే జాగ చూడ్డానికి పోయాను, సిగ్గు లేకుండా.

అది చందూర్ ఊరి అవతల. చుట్టూ వరి మళ్లు, చల్లటి గాలి. అమ్మేవాడు గొడుగు కింద నిలబడి పార్కు, క్లబ్బు అని ఏదో చెబుతున్నాడు. నేను వినడం లేదు. వంగి ఒక పెళ్ల తీసి, చేతిలో నలిపి, వాసన చూశాను. రైతు పొలంలో అడుగుపెట్టగానే ముప్పై ఏళ్లు నేను చేసిన మొదటి పని అదే. మన్ను చూసి తోట ఎట్లా వస్తుందో చెబితే రైతులు నమ్మేవాళ్లు. ఈ మన్ను నల్లగా, జిగటగా, వెన్నలా ఉంది. బాటకు పరిచిన మొరాన్ని చీల్చుకుని ఒక చెరుకు పిలక లేచి నిలబడింది. దాన్ని చూడగానే నా కళ్లు చెమర్చాయి. ఇంట్లో ఒక మాటైనా అడగకుండా అక్కడికక్కడే బయానా డబ్బులు ఇచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే ఆమె బియ్యం చాట కింద పెట్టింది. "ఇచ్చినంక సెప్తున్నవా?" అంది. అంతే. రెండు రోజులు అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, మాట మాత్రం లేదు. మూడో రోజు పొద్దున "పా, సూస్త" అంది.

పునాది ఎక్కడ తీయాలో చెబుతాడని మాకు తెలిసిన మేస్త్రీని కూడా ఆటోలో ఎక్కించుకున్నాను. ముందురోజు వాన పడింది. కమాను దగ్గరే ఆటో దిగి నడిస్తే ఆమె చెప్పు బురదలో దిగబడి రాలేదు. మేస్త్రీ గడ్డపారతో పొడిచాడు. జానెడు మొరం, దాని కింద అంతా రేగడే. గడ్డపారకు అంటిన మట్టిని వేలితో గీకి నా వంక అదోలా చూశాడు.

"సార్, నీకు ఎర్క లేదా గిది? ఎండకాలం పగుల్తది, వానకాలం ఉబ్బుతది. గోడలు నెర్రెలిస్తయ్. చెరుకు పెట్టుకో, మస్తుగైతది. ఇల్లు మాత్రం నకో."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎరుక లేకేం! రేగడి నెర్రెల్లో నా కాలు ఎన్నిసార్లు ఇరుక్కుందో నాకే తెలుసు. ఇల్లు కట్టాల్సిన జాగను తోట పెట్టేవాడిలా చూసి కొన్నాను, మూర్ఖుణ్ణి. అయినా నోరు ఊరుకుందా? "లోతుకు తీసి పిల్లర్లు ఏస్తె అయితది" అన్నాను.

అప్పుడు ఆమె అరిచింది. "ముప్పయ్ ఏండ్లు నీ చెరుకు ముచ్చట్లే ఇన్న. ఇగ నన్ను గూడ గీ మట్టిలనే నాటుతవా?"

నేను బదులు చెప్పేలోపే ఆమెకు దగ్గు తెర వచ్చింది. తర్వాత ఆయాసం. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చినా తగ్గలేదు. పెదవులు నల్లబడుతున్నాయి. ఇద్దరం మోసినట్టుగా ఆటోలోకి ఎక్కించి నిజామాబాద్‌కు తోలమన్నాం.

వర్ని రోడ్డెక్కి ఎంతో దూరం పోలేదు, ఎదురుగా మొరం టిప్పర్ల వరుస. ఒకటి మలుపుకుంటూ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. మేస్త్రీ దుంకి, తువ్వాల ఊపుతూ "హటో భాయ్, లోపల మనిషికి దమ్ము ఆడుతలేదు!" అని అరిచాడు. ఈ మొరం ఎక్కడికని నేనూ అరిచాను. డ్రైవర్ మా వెంచర్ పేరే చెప్పాడు. ఆమె గోళ్లు నా మణికట్టులోకి దిగుతున్నాయి. లింబాద్రి గుట్ట స్వామికి మొక్కుకున్నాను. ఆ టిప్పర్ పక్కకు తప్పుకునేసరికి నా ప్రాణం సగం పోయింది.

ఆస్పత్రిలో మాస్కు పెట్టి, సూదులు వేసి, మధ్యాహ్నానికి ఊపిరి దారికి తెచ్చారు. ఆమె మాస్కు కొంచెం జరిపి నన్ను దగ్గరికి రమ్మంది.

"మట్టి మంచిదేనా?" అని అడిగింది.

వెక్కిరింత కాదు. నిజంగానే అడిగింది. నేను మనసు పడ్డానని తెలిసి అడిగింది.

"చెరుకుకు మంచిది" అన్నాను.

"మరి మనకు?"

 లేచి బయటికొచ్చాను. ఎదురు సందులో కొత్తగా కట్టిన, నేను ఎప్పుడూ తిట్టుకునే రకం నాలుగంతస్తుల బిల్డింగుకు ఫ్లాట్లు అమ్ముతామని బోర్డు వేలాడుతోంది. వాచ్‌మన్ మొదటి అంతస్తులో తలుపు తీసి టైల్స్ చూడమన్నాడు. నేను చూడలేదు. ఆ గుమ్మం దగ్గర్నుంచి, ఆయాసం ఉన్న మనిషి నడిచినట్టు ఆగి ఆగి అడుగులేస్తూ ఆస్పత్రిలో ఆమె మంచం దాకా నడిచాను. దారిలో ఒక్క చెట్టు లేదు. ఆరు నిమిషాలు పట్టింది.

"ఇల్లు దొరికింది" అని చెప్పాను.