ముళ్లకంచె లోపలి బౌలర్

ఆ రోజు ఒక మనిషిని చూడకుండానే తీసిపారేశాను. అడవుల్లోని కమ్యూనిస్టు గెరిల్లాలపై తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన కాలమది. బటాంగ్ బెర్జుంటై ఊరి దారిలో సైనికులు తనిఖీకని మా బస్సు ఆపి, ఎవరినీ దిగనివ్వలేదు. ఆ ఉక్కలో, క్లాంగ్ పట్టణ క్రికెట్ జట్టును ఎంపిక చేసేది నేనేనని పక్క సీట్లోని రబ్బరు తోట గుమాస్తాకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన తన తమ్ముడు తీసిన వికెట్ల సంగతి ఎత్తాడు.

"తోట ఆటల్లో వికెట్లు లెక్కలోకి రావండీ," అన్నాను.

"ఏటి బాబూ!" అన్నాడు గుమాస్తా, ఇక్కడి అలవాటుగా మాట చివర "లా" తగిలిస్తూ. "మావోళ్లు క్యాచులన్నీ ఒగ్గేస్తారు లా. ఆడు తీసినవన్నీ స్టంపులు పడగొట్టినవే. మీవోళ్లు పక్కనుంటే ఇంకెన్ని తీస్తాడో! మీరు పిలవకపోతే మా తోట సుట్టూ మిలట్రీవోళ్లు కట్టిన ఆ ముళ్లకంచెలోనే ఉండిపోతాడు."

బస్సు కదిలేలోగా ఆయన తోట పేరు రాసుకున్నాను.

ఆదివారం కంచె దాటేందుకు పర్మిట్ తీసుకుని ఆ తోటకు వెళ్లి, బ్యాట్ పట్టుకుని నిలబడ్డాను. ఆ తమ్ముడు వేసిన మొదటి బంతికే నా స్టంపు ఎగిరింది. క్లాంగ్ వెళ్లే తిరుగు బస్సులో అతను నా పక్కన కూర్చున్నాడు.