హాకీ మీద రమామణి పంతం

ఉదయభాస్కర్ పోయాక ఆయన వస్తువులన్నీ ఒక్కొక్కటే ఇల్లు వదిలి వెళ్లిపోయాయి. బట్టలు సెకండ్ హ్యాండ్ షాపుకి ఇచ్చేశారు. కారు ఎవరో కొనుక్కున్నారు. వాయిస్‌మెయిల్‌లో ఆయన గొంతు వినడానికి భార్య రమామణి రోజూ ఆ నంబరుకి ఫోన్ చేసేది. ఒకరోజు ఆ నంబరు కూడా పలకడం మానేసింది. ఆయన పేరు గట్టిగా వినబడే చోటు ఒక్కటే మిగిలింది, మంగళవారం సాయంత్రం జరిగే క్విజ్.

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో, వాళ్ల వీధి చివర, గడ్డి మీద బంతులు దొర్లించి ఆడే లాన్ బౌల్స్ క్లబ్బులో జరుగుతుందది. కాకినాడ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన భాస్కర్‌కి ఆ క్లబ్బంటే ప్రాణం. ప్రశ్నలు చదివే గ్రేమ్ జవాబు చెప్పడం ఆలస్యం, ఈయన చెయ్యి లేచేది. నీ పుస్తకం పాతదనో, ప్రశ్న సరిగ్గా అడగలేదనో వాదన. సగం సార్లు ఆయనే నెగ్గేవాడు. ఓడినప్పుడు గ్రేమ్‌కి బీరు తెచ్చిచ్చి భుజం తట్టేవాడు. రమామణి పక్కన కూర్చుని చిప్స్ తింటూ వినేది.

ఆయన పోయిన కొన్నాళ్లకి ఆయన క్విజ్ జట్టులోనే ఆడే అరోహా ఇంటికి వచ్చింది. "ఆయన చోటు ఖాళీగా చూడలేకపోతున్నాం రమా, నువ్వొచ్చి కూర్చో" అంది. రమామణి వెళ్లింది. జవాబులు ఆమెకి పెద్దగా తెలియవు. చాలా వారాలు నోరు విప్పకుండానే తిరిగొచ్చింది. అయినా అక్కడ ఎవరో ఒకరు, "ఇప్పుడు భాస్కర్ ఉంటేనా!" అని నవ్వేవారు. ఆ ఒక్క మాట కోసం వారమంతా కాచుకుని ఉండేది.

ఒక మంగళవారం పోటీ గట్టిది, నెగ్గిన జట్టు వెల్లింగ్టన్ ఫైనల్‌కి వెళ్తుంది. బయట చలి మోసుకొచ్చే దక్షిణపు గాలి, వాన. రెండు జట్లు సమానంగా ఉండగా గ్రేమ్ చివరి ప్రశ్న చదివాడు. "భారతదేశ అధికారిక జాతీయ క్రీడ హాకీ. నిజమా, అబద్ధమా?"

భాస్కర్ యూనివర్సిటీ హాకీ జట్టులో ఆడినవాడు. రమామణి అరోహా చేతిలోని పెన్ను దాదాపు లాక్కుని "నిజం" అని రాసింది. ఇన్నాళ్లకి ఆయన కుర్చీకి న్యాయం చేశాననిపించింది.

"అబద్ధం," అన్నాడు గ్రేమ్. "ఏ ఆటనీ అధికారికంగా ప్రకటించలేదు."

ఆమె లేచి నిలబడింది. "తప్పు! మాకు బళ్లో నేర్పారు. ఇండియాలో ఏ పిల్లాణ్ణైనా అడుగు."

"రెండు చోట్ల సరిచూశాను రమా. అక్కడి ప్రభుత్వమే చెప్పింది."

"మా దేశం సంగతి నాకు చెబుతావా? ఆయన ఆడిన ఆట అది! భాస్కర్ ఇక్కడుంటే నువ్వీ మాట అనగలిగేవాడివా?"

అరోహా మెల్లిగా ఆమె చీర కొంగు పట్టుకుని కూర్చోమన్నట్టు లాగింది. ఆమె కూర్చోలేదు. గ్రేమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే. ఆ పాయింటు మీకే ఇస్తున్నాను."

ఆ పాయింటుతో వాళ్లు నెగ్గారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అవతలి జట్టువాళ్లు మాట్లాడకుండా కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. జాలిపడి ఇచ్చారని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆమె అడిగింది పాయింటు కాదు, ఆయన ఆడింది జాతీయ క్రీడేనని ఒప్పుకోవడం.

మర్నాడు పొద్దున పెసరట్టు వేస్తూ కూతురు లాస్యకి జరిగింది చెప్పింది.

"మమ్మీ, గ్రేమ్ కరెక్టే. స్కూల్ ప్రాజెక్ట్ చేసినప్పుడు నేనూ డాడీ చెక్ చేశాం."

"మీ నాన్న చూశారా?"

"యా. ఫస్ట్ నాతో ఫుల్‌గా ఆర్గ్యూ చేశారు. తర్వాత నవ్వేసి, 'మీ అమ్మకి చెప్పకే, ఆ మాట తనెంత ఇష్టంగా చెప్పుకుంటుందో' అన్నారు."

రమామణి స్టవ్ ఆపేసింది. ఇంటికి ఎవరొచ్చినా, "మా ఆయన మన జాతీయ క్రీడ ఆడినవారండీ" అని పరిచయం చేసేది తనే. అప్పుడాయన తలవంచుకుని కంచంలోకి చూసేవాడు. అణకువ అనుకుంది, ఇన్నేళ్లూ. తన సంతోషం కోసం ఆయన ఇంకెన్ని మింగి ఊరుకున్నాడో! ఎవరిని అడగాలి? ఎక్కడికి వెళ్లి అడగాలి? వంటింటి నేల మీదే కూలబడిపోయింది. లాస్యకి ఏ భాషలో ఓదార్చాలో తెలియలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం వాన తగ్గి తుంపర పడుతుండగా రమామణి క్లబ్బుకి నడిచింది. గ్రేమ్ గడ్డి మీద నిలిచిన నీళ్లు చీపురుతో తోస్తున్నాడు.

"ఆ పాయింటు తీసెయ్."

"తీస్తే మీరు ఫైనల్‌కి వెళ్లరు రమా."

"తెలుసు. అరోహాకి ఫోన్ చేసి చెప్పాను. నిన్న అన్న మాటలకి నన్ను క్షమించు."

అతను తలాడించాడు. ఆమె కదల్లేదు.

"ఆయన నీతో ఎప్పుడైనా హాకీ గురించి మాట్లాడాడా?"

అబద్ధం చెప్పడం గ్రేమ్‌కి చాతకాదు. "లేదు. ఎప్పుడూ క్రికెట్టే."

"క్రికెట్టా? ఇంట్లో క్రికెట్ పెడితే లేచి వెళ్లిపోయేవాడే!" ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "ఏమనేవాడు? చెప్పు. ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే."

అతను చీపురు గోడకి ఆనించి, భాస్కర్ అన్న మాటలు గుర్తొచ్చినంత మేరకు చెప్పడం మొదలుపెట్టాడు. తుంపర మళ్లీ వానైంది. గొడుగు లేకుండా నిలబడి, అతను ఆగిన ప్రతిసారీ, "ఇంకా? ఇంకేమన్నాడు?" అని ఆమె అడుగుతూనే ఉంది.