మడత వేయని పట్టుగుడ్డ

మా అవ్వ కుట్టిన పెళ్ళి రవికల్లో చెడింది ఒక్కటే. దాన్ని చెడగొట్టింది నేను. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

అవ్వంటే మా అమ్మను కన్న తల్లి. ప్రొద్దుటూరులో మా వీధిలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, బంగారు అంగడి తర్వాత తొక్కేది మా గడపే. అవ్వ టేపు మెడలో వేసుకునేది గాని దాంతో పెద్దగా పని పెట్టుకునేది కాదు. పెళ్ళికూతురి పాత రవిక ఒకటి ఆదికి తీసుకుని, పిల్లను ఎగాదిగా చూసి, ఈమధ్య చిక్కినావనో ఒళ్ళు చేసినావనో ఒక మాట అని కత్తెర పట్టుకునేది. ముహూర్తం రవిక మా అవ్వ చేతిదైతే కాపురం చల్లగా ఉంటుందని వీధిలో ఒక నమ్మకం. అవ్వ ఆ మాటకు నవ్వేది, కానీ కాదని కూడా అనేది కాదు.

ఆ రవిక చెడిన ఏడాది ఆమె కళ్ళకు పొర కమ్మింది. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. ఇంక కుట్టింది చాలు, మానెయ్యమని ఇంట్లో అందరికంటే ఎక్కువ గొడవ చేసింది కూడా నేనే. డిగ్రీ చదువుతున్నానన్న పొగరు ఒకటి. ఫోనులో వీడియోలు చూసి రెండు లంగాలు, ఒక నూలు రవిక కుట్టి, పనంతా వచ్చేసిందని అనుకున్నాను. అవ్వ ఆ రవికను అటూ ఇటూ తిప్పి చూసి, పరవాలేదు, కోతికి తొడగొచ్చు అంది. అది నాకు లోపల గుచ్చుకుంది.

వీధి చివరింటి అమ్మాయికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం జమ్మలమడుగులో, తెల్లవారుజామున. ముందురోజు సాయంత్రం ఐదింటికి బస్సు. చీర నేసి రావడమే ఆలస్యమైంది. కుంకుమరంగు పట్టు, చేతెడు జరీ అంచు. రవికగుడ్డ వరకు కత్తిరించి మాకు పంపించి, చీర మూలలకు పసుపు పెట్టి దేవుడి ముందర ఉంచారు. పసుపు పెట్టిన చీరకు ఇక కత్తెర తగలకూడదు. అంటే ఉన్న గుడ్డ అంతే, చెడితే ఇంకో ముక్క లేదు.

బస్సుకు ముందురోజు సాయంత్రం గుడ్డ అందగానే అవ్వ వెనకముక్కా చేతులూ కత్తిరించి, వెలుతురు చాలక ముందుముక్కలు రెండూ మరునాటికి ఆపింది. తెల్లవారేసరికి పక్కింటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఆ పిల్లకు ఇక్కడ పుట్టింటి వాళ్ళెవరూ లేరు. అవ్వ ఒక పాత చీర చంకన పెట్టుకుని, ఆటోలో ఆ పిల్ల తలను తన ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి పోయింది. పోతూ, వచ్చి కత్తిరిస్తానని, నన్ను గుడ్డ ముట్టుకోవద్దని చెప్పింది.

పదకొండైంది. అవ్వ రాలేదు. పెళ్ళివారి ఇంటినుంచి రెండుసార్లు ఫోను. ఆమె కళ్ళకంటే నా కళ్ళు నయం కదా అనుకున్నాను. వచ్చేసరికి ముక్కలు తయారుగా పెట్టి, కోతి మాటను వెనక్కి తీసుకునేట్టు చేద్దామనుకున్నాను. గుడ్డ పరిచి ఒక ముందుముక్క కత్తిరించాను. బాగా వచ్చింది. దాన్నే గుడ్డ మీద ఆదిగా పెట్టి రెండోది కత్తిరించాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండూ కుడివైపువే. ఎడమవైపు ముక్క లేదు. మిగిలిన గుడ్డ నా అరచేతి కంటే పెద్దది లేదు.

ముక్కలను వెనకముక్క కింద పెట్టి, హుక్కుల డబ్బా ముందు వేసుకుని కూర్చున్నాను.

అవ్వ ఒంటిగంటకు వచ్చింది. ఆడపిల్ల పుట్టిందని చెప్పి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళన్నా తాగకుండా మిషను దగ్గరికి వచ్చింది. ముక్కలను వేళ్ళతో తడిమింది. ఒకదాని మీద ఒకటి పెట్టింది, తీసింది, తిప్పి మళ్ళీ పెట్టింది.

"ఇవి ఎవురు కత్తిరిచ్చినారు?" అంది.

"నువ్వే కదవ్వా, నిన్న సాయంత్రం," అన్నాను.

అబద్ధం అంత సులభంగా వస్తుందని నాకు అంతవరకు తెలియదు. వాటిని ఆపి పోయిన సంగతి ఆసుపత్రి హడావిడిలో మరిచిపోయి ఉంటుందనుకున్నాను. అవ్వ నా ముఖంలోకి చూసింది. ఆ కళ్ళకు నా ముఖం మసకగానే కనబడుతుందని నన్ను నేను సముదాయించుకున్నాను.

"అట్లనా," అని మాత్రం అంది.

తర్వాత మూడు గంటలసేపు మిషను చప్పుడు తప్ప మా ఇంట్లో ఏమీ వినపడలేదు. ఒక ముక్కను తిరగేసి ఎడమవైపుకు వేసింది. పట్టుకు లోవైపు వెలిసినట్టు ఉంటుంది, జరీ దారాలు తేలి ఉంటాయి. కానీ ఎడమవైపు పైట కింద ఉంటుంది. పైట జారితే తప్ప కనబడదు. కాజాలు కుట్టడం అయ్యేసరికి నాలుగున్నర. ఇచ్చేసి ఊరుకుంటుందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అవ్వ చెప్పులు వేసుకుంటూ నన్ను కూడా రమ్మంది. గుడ్డలో తప్పుంటే తొడుక్కునేవాళ్ళకు చెప్పి ఇవ్వాలట.

నాలుగు నిమిషాల దారి. ఆ రోజు శానాసేపు పట్టింది. బోరింగు దగ్గర ఒకసారి, చిల్లరంగడి అరుగు దగ్గర ఒకసారి, పెళ్ళివారి పందిరి కనబడేచోట ఒకసారి నిలబడిపోయింది. నిలబడిన ప్రతిసారీ మోకాలు రుద్దుకుంటూ నావైపు చూసింది. బస్సు హారను కొడుతోంది. నేను పొట్లం గుండెకు అదుముకుని, త్వరగా పోదాం రమ్మని తొందర పెట్టాను.

పెళ్ళికూతురి తల్లి చేతిలో రవిక పెట్టి, అవ్వ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక్క మాట మాత్రం మార్చింది.

"నేనే తప్పు కత్తిరిచ్చినా మ్మా. కండ్లు మోసం చేసినాయి."

పులివెందులనుంచి వచ్చిన పెళ్ళికూతురి మేనత్త రవికను విప్పి, తిరగేసి, వెలుతురుకు పట్టి చూసింది.

"ముహూర్తం రవిక తిరగేసి కుడతారా యాడన్నా? కనపడనప్పుడు ఒప్పుకోగూడదు పెద్దమ్మా," అంది.

పదిమంది ఆడవాళ్ళ ముందర అవ్వ తల ఊపింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. నా నోట్లో మాట ఉంది. మింగేశాను.

జమ్మలమడుగులో తాళి కట్టేటప్పుడు అందరూ అక్షింతలు వేస్తుంటే నేను పెళ్ళికూతురి పైట మీదనుంచి చూపు తిప్పలేదు. అది జారలేదు. ఆ అమ్మాయి ఈ రోజుకూ ఇద్దరు పిల్లలతో చల్లగానే ఉంది. కానీ మాఘమాసంలో మా వీధిలో మూడు పెళ్ళిళ్ళు జరిగితే ఒక్క రవికా మా గడప ఎక్కలేదు. తర్వాత అవ్వ కళ్ళకు ఆపరేషను అయింది, సూదిలో దారం తానే ఎక్కించుకుంది. అయినా వచ్చినవన్నీ చీరలకు ఫాల్సు, లంగాలు, పాత చీరల బొంతలు. అవ్వ ఎవరింట్లో పెళ్ళి మేళం వినబడినా లేచి మిషను మీద గుడ్డ కప్పేది. అది చూసిన ప్రతిసారీ నామీద నాకే అసహ్యం వేసేది.

ఆరేళ్ళ తర్వాత నేను కాన్పుకు వచ్చినప్పుడు, అవ్వ నా బిడ్డకు బొంత కుడుతూ కూర్చుంది. చంటిబిడ్డకు కొత్తగుడ్డ గుచ్చుకుంటుందని తన చీరలే నాలుగు మడతలు వేసింది. ఆ మడతలు చూస్తూ నేను ఇక ఉండబట్టలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పాను.

అవ్వ చేతిలో సూది ఆగలేదు.

"నాకు తెలుసు మ్మే. ఆపి పోయింది మర్చిపోతానా? అది పోనీ, నేను ముందుముక్కలు ఎప్పుడన్నా గుడ్డ మడత ఎయ్యకుండా కత్తిరిచ్చినానా? మడత ఏస్తే కుడీ ఎడమా రెండూ ఒకేసారి పడతాయి. కండ్లు పోయినోళ్ళు వంకర కత్తిరిస్తారు గాని, మడత మర్చిపోరు."

మరి ఆ రోజు అందరి ముందర ఎందుకు అలా చెప్పావని అడిగాను. అవ్వ దారం చివర ముడి వేసి, పళ్ళతో కొరికింది.

"నాకు ఆ పొద్దు మోకాళ్ళ నొప్పి ఏం ల్యా, పాపా. నువ్వు చెప్తావేమో అని మూడు తావుల నిలబడినా."