పుష్పావతి కాదన్న ఓటు

పుష్పావతికి పై వరసలో రెండు పళ్ళు లేవు. ఎవరు రాలగొట్టారని అడిగితే దాచుకోకుండా చెబుతుంది. బేరిగై దగ్గరి తమ ఊళ్ళో ఆమె ఒకప్పుడు వార్డు మెంబరు. కట్టని కాలువను కట్టినట్టు రాసి సంతకం పెట్టమన్నారు. ఆమె పెట్టనంది. మరునాడు కాంట్రాక్టరు మనిషి ఒకడు బండి ఆపి, ఒక మాటక్కా అని మర్యాదగా పిలిచి, చేతిలోని హెల్మెట్‌తో మూతి మీద కొట్టాడు. ఆమె నోటినిండా నెత్తురుతో నేరుగా పంచాయతీ ఆఫీసుకే పోయి, ఆ రాతను తన కళ్ళముందర కొట్టేసేదాకా కుర్చీలోంచి కదల్లేదు. అంతటి మొండి ఘటం.

ఆ మొండితనం సంగతి విని హోసూరులోని ఒక ట్రస్టు వాళ్ళు పిలిచి పని ఇచ్చారు. పంచాయతీ మెంబర్లకు నడవడిక నేర్పించే పని. లంచం ముట్టకండి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి, మీ కుర్చీలో మీ ఆయన్ను కూర్చోనివ్వకండి. వినడానికి పాలు తాగినంత సుఖంగా ఉండే మాటలు. ఈ మాటలు చెప్పినందుకే ఒక ఊళ్ళో ఆమె మీదికి కుక్కను ఉసిగొల్పారు, ఇంకో ఊళ్ళో వేడి టీ మొహాన పోశారు. నీతి చెప్పేవాళ్ళకు దండలు పడతాయని ఎవరైనా అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు నాకు. ఆమె మాత్రం మొహం కడుక్కొని మళ్ళీ బస్సెక్కేది.

భర్త పోయినప్పటి నుంచి ఆమె అన్న ధనుంజయ్ ఇంట్లోనే ఉండేది. గొర్రెలు కాచుకునే ఇల్లు వాళ్ళది. ధనుంజయ్‌కి చదువు లేదు, చెల్లెలంటే ప్రాణం. ఎవరు ఆమెను ఒక మాటన్నా కర్ర పుచ్చుకొని బయలుదేరేవాడు. ఆమెకు ఇంకెవరూ లేరు.

ఆ ఊరి గొర్రెలన్నీ మేసేది ఒకటే బీడు, ఊరుమ్మడి మేత పోరంబోకు. దాని చుట్టూ జయరామప్ప అనే పెద్ద రైతు రాతి కూసాలు పాతి, ముళ్ళ తీగ లాగి, లోపల గులాబీలు పెంచే ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్ లేపాడు. తీగ దూరిన గొర్రెను అతని కొడుకు పునీత్ కాళ్ళు విరగ్గొట్టి ఇవతలికి విసిరేసేవాడు. ఇట్లా మూలుగుతూ పడిన గొర్రెలను ధనుంజయ్ తన చేత్తోనే కోయాల్సి వచ్చింది. కోసిన ప్రతిసారీ ఏడ్చాడు.

కంచె తీయించాలని పంచాయతీకి అర్జీ పోయింది. మెంబర్లలో ఒకడు అనంతకుమార్. జయరామప్ప కూతురు కావ్యశ్రీ మొగుడు. నెమ్మదస్తుడు, గొర్రెల వాళ్ళంటే జాలి ఉన్నవాడు. మీటింగుకు ముందు ట్రస్టు పెట్టిన శిక్షణకు వచ్చి పుష్పావతి ముందర కూర్చున్నాడు.

"మీ సొంతవాళ్ళ విషయం వచ్చినప్పుడు ఇది నాది అని చెప్పి, లేచి బయటికి పోవాల," అందామె.

"లేచే పోవాల్నా అక్కా?"

"లేచే పోవాలప్పా."

"కూర్చోనే ఉండి చెయ్యి ఎత్తకపోతే చాలదా?"

"చాలదు. నువ్వు ఎదురుగా ఉంటే మిగతావాళ్ళు నోరెట్ల తెరస్తారు?"

అతను తల వంచుకున్నాడు. మామ మీది మొహమాటం కాబోలు అనుకుందామె. అడగలేదు. అక్కడే కొంప మునిగింది. గొర్రెలవాళ్ళ తగాదాలు దొడ్డి దగ్గర నిలబడే తెగిపోతాయి. కూర్చునేదీ లేదు, లేచేదీ లేదు. సేద్యగాళ్ళ ఇళ్ళల్లో అట్లా కాదు. బంధువు మాట నడుస్తుండగా సభలోంచి లేచి తుండుగుడ్డ దులిపినవాడు ఆ బంధుత్వాన్ని దులిపేసుకున్నట్టే లెక్క. ఆ తరువాత ఒకరింట్లో ఒకరు నీళ్ళు తాగరు, చావుకైనా పోరు. ఒకే ఊళ్ళో పుట్టి పెరిగినా పుష్పావతికి ఈ సంగతి తెలియదు. గొర్రెలవాళ్ళను ఆ ఇళ్ళ సభల్లోకి ఎవరు రానిచ్చారు గనక?

మీటింగు రోజున ఆమె కూడా ఆఫీసులో ఒక మూల కూర్చుంది. ప్రెసిడెంటు కెంపమ్మ కంచె సంగతి చదివింది. వరండాలో జయరామప్ప, పునీత్ నిలబడి ఉన్నారు.

"ఇది మా మామ విషయం. నేను బయటుంటా," అని అనంతకుమార్ లేచాడు. ఒళ్ళో ఉన్న తుండును అలవాటు కొద్దీ ఒక్కసారి దులిపి భుజాన వేసుకున్నాడు. గదిలో సగంమంది ఊపిరి బిగబట్టారు.

"మా నాయన కండ్ల ముందర తుండు దులుపుతావా!" అని పునీత్ అరిచాడు. వాడి బండికి ఎప్పుడూ ఒక మచ్చుకత్తి కట్టి ఉంటుంది. దాన్ని లాక్కొని వచ్చాడు. మొదటి వేటు అనంతకుమార్ భుజం మీద పడింది. రెండోది మెడ మీదికి దిగబోతే కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి మణికట్టు దగ్గర తెగి తోలు పట్టుకొని వేలాడింది. పుష్పావతి పోయి పునీత్ కాళ్ళు పట్టేసింది. వాడు ఆమె రొమ్ము మీద తన్ని, మళ్ళీ కత్తి ఎత్తాడు. జనం మీద పడి వాణ్ణి నేలకు అణిచేలోపల గోడ మీదికి ఎగిరిన నెత్తురు కిందికి కారుతోంది. జయరామప్ప వరండాలోంచి కదల్లేదు, కొడుకును ఆపనూ లేదు.

అనంతకుమార్‌ను పాల వ్యానులో వేసుకొని హోసూరుకు, అక్కడి నుంచి క్రిష్ణగిరికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు. పునీత్‌ను పోలీసులు పట్టుకుపోయారు.

ఆసుపత్రి వరండాలో కావ్యశ్రీ పుష్పావతి చెయ్యి పట్టుకొని పక్కకు లాగింది.

"నరికింది మా అన్నే. నేను కాదనను. అయితే మా ఇండ్లల్లో లేచేదంటే ఏమర్థమో ఒక్కరినైనా అడిగినావా అక్కా?"

"అడగలేదమ్మా."

"అడిగుంటే ఆయప్ప ఆఫీసు గడప దాటకుండా బయటనే ఉండిపోవును. కూర్చుంటే కదా లేచేది?"

పుష్పావతి అక్కడికక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. పళ్ళు రాలినప్పుడు ఏడవని మనిషి. తరువాత తన పాఠం మార్చుకుంది. సొంతవాళ్ళ విషయం ఉన్నరోజు గడప దగ్గరే చెప్పండి, లోపల కూర్చోవద్దు అని ఊరూరా చెప్పసాగింది. అనంతకుమార్ కోల్పోయిన చేతికి అది ఏపాటి బదులు?

గాయం మానాక కంచె సంగతి మళ్ళీ మీటింగుకు వచ్చింది. ఆ బీడులో తన అన్న మంద మేస్తుంది కాబట్టి రూల్ చెప్పడానికి వేరే మనిషిని పంపమని పుష్పావతి ట్రస్టు వాళ్ళను అడిగింది. ఆ ఊరికి రావడానికి ఎవరూ ముందుకు రాలేదు, చివరికి ఆమే పోయి కూర్చుంది.

ఆ పొద్దున కెంపమ్మ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆఫీసు చుట్టూ ఒకపక్క గొర్రెలవాళ్ళు, ఒకపక్క జయరామప్ప మనుషులు, అందరి చేతుల్లోనూ కర్రలు. అనంతకుమార్ మొండిచేతికి గుడ్డ చుట్టుకొని గడప అవతల నిలబడ్డాడు, పక్కన కావ్యశ్రీ. లోపల చేతులెత్తితే అటూ ఇటూ సమానం. ప్రెసిడెంటుగా ఇంకో ఓటు తనకుందని కెంపమ్మకు తెలుసు. అయినా రాళ్ళు తలుచుకొని ఆ ఓటు వేయలేదు.

కిటికీ దగ్గర నుంచి ధనుంజయ్ అరిచాడు. "అనంతప్ప ఓటు ఎయ్యనీ! చెయ్యి నరికినాక ఇంకేం మామ, ఇంకేం అల్లుడు?"

"వాడు నాకు అల్లుడే కాదు!" జయరామప్ప ఒళ్ళు మరిచి కేక పెట్టాడు. "నాకూ వానికీ ఆపొద్దే తెగిపోయింది!"

గొర్రెలవాళ్ళు ఒక్కసారిగా ఈలలు వేశారు. వాళ్ళకు కావాల్సిన మాటను జయరామప్ప తన నోటితోనే అనేశాడు. అనంతకుమార్ ఎడమచెయ్యి పైకి లేపాడు. ఆ ఒక్క చెయ్యితో కంచె ఊడుతుంది. కెంపమ్మ పుష్పావతి వైపు తిరిగింది.

"రూల్ ఏముండాదో చెప్పమ్మా. చెల్లుతుందా?"

అన్న కిటికీ ఊచలు పట్టుకొని ఆమెనే చూస్తున్నాడు. ఆ ముఖంలో సంతోషం అప్పటికే వచ్చేసింది. చెల్లుతుంది అనాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. ఆ బీడు తన వాళ్ళది. న్యాయంగా తన వాళ్ళది. కావ్యశ్రీని చూసింది. ఆ పిల్ల ఎవరి వైపూ చూడకుండా నేల చూస్తోంది.

"చెల్లదు," అంది పుష్పావతి. "వాళ్ళు తెంచుకుంటే తెగేది కాదు. కావ్యశ్రీ ఇప్పటికీ ఆయన కూతురే. పైగా చెయ్యి నరికించుకున్న మనిషి పగతో ఎత్తేది ఓటు కాదు. దించప్పా."

అనంతకుమార్ ఆమె ముఖంలోకి చూసి చెయ్యి దించాడు. కెంపమ్మ వాయిదా వేశానని చెప్పి వెనక తలుపున వెళ్ళిపోయింది.

పుష్పావతి మెట్లు దిగుతుంటే మొదటి దెబ్బ పడింది. కొట్టింది జయరామప్ప మనుషులు కాదు. ధనుంజయ్ గొర్రెలు తోలే కర్రతో నెత్తి మీద కొట్టాడు. "నా మందను నువ్వే సంపినావు గదే! నీకోసమని ఎంతమందితో కొట్లాడినానే!" అంటూ ఏడుస్తూ కొట్టాడు, కొడుతూ ఏడ్చాడు. ఆ తరువాత మిగతావాళ్ళు అందుకున్నారు. వదినె కూడా చీపురుతో నాలుగు వేసింది. కావ్యశ్రీ మీదపడి అడ్డుకోకపోతే ఆ రోజే ఆమె కథ ముగిసిపోయేది. నెత్తికి కుట్లు పడ్డాయి, ఒక చెవి ఇప్పటికీ సరిగ్గా వినిపించదు.

ఆ వాయిదా వాయిదాగానే ఉండిపోయి, ఆ బోర్డు కాలమే ముగిసిపోయింది. ధనుంజయ్ గొర్రెలను సామల్పట్టి వ్యాపారికి తెగనమ్మాడు. ఇప్పుడు ఆ కంచె లోపలే జయరామప్పకు గులాబీలు కోసే కూలిపని చేస్తున్నాడు. పుష్పావతి హోసూరులో ఒక గది తీసుకొని ఉంటోంది. తప్పు చేశానని ఆమె అనుకోవడం లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో తెలియదు.

మొన్న కల్లావిలో ఆడవాళ్ళకు శిక్షణ పెట్టారు. ఈ కథంతా ఆమె దాచకుండా చెప్పింది. అమ్ములు అనే ఒకామె లేచి నిలబడింది. గుడి పక్క స్థలాన్ని వాళ్ళ అన్న ఆక్రమించాడట, ఆ తగువు పంచాయతీకి రాబోతోందట.

"నువ్వు చెప్పినట్టు నేను నడుచుకుంటే మా అన్న నన్ను గడప తొక్కనియ్యడు," అంది అమ్ములు. "నాకు ఉండేది ఒక్క అన్న, అక్కా."

పుష్పావతి ఆమె దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసింది.

"నాకూ ఒక్కడేనమ్మా," అంది.