నల్లద్రాక్షకిచ్చిన ఆరు వారాలు

ఢిల్లీ ద్వారకలో మేమున్న సొసైటీ లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగేది కాదు. మూడులో ఆగేది, అయిదులో ఆగేది. మేముండేది నాలుగులో. అసోసియేషన్ మీటింగులో ఈ సంగతి రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ శ్రద్ధగా రాసుకున్నారు. చివరికి నాలుగో అంతస్తువాళ్లం రెండు తెగలుగా చీలిపోయాం: మూడులో దిగి పైకెక్కేవాళ్లు, అయిదుకు పోయి కిందికి దిగేవాళ్లు. మా ఆవిడ మొదటి తెగ. నా తెగ ఏదో చెప్పనక్కర్లేదు.

మెట్రో మా వైపు వచ్చిన కొత్తలో, ఓ ఫిబ్రవరి ఆదివారం, దగ్గు తగ్గడం లేదని మా ఆవిడ నన్ను జనక్‌పురిలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. వరంగల్ వైపు పెద్దాయన. ప్రభుత్వ డిస్పెన్సరీలో రిటైరై, ఇంటి ముందుగదిలోనే మనుషుల్ని చూసేవారు. ఢిల్లీలో ముప్ఫయ్యేళ్లున్నా తెలుగులో కోప్పడాలనే కోరిక తీరలేదేమో, తెలుగువాళ్లు వస్తే సంతోషించేవారు. దగ్గుకు మందు రాశాక, ఊరికే చూద్దామని నా జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టారు. అంకె చూసి మళ్లీ కొట్టారు.

నేను లిఫ్టు సంగతి చెప్పాను.

"లిఫ్టు ద్వారకల ఉన్నది, నువ్వు జనక్‌పురిల ఉన్నవ్," అన్నారాయన. "మెట్రోల కూసొని వచ్చిన మనిషికి గింత బీపీ ఎందుకుండాలె?"

పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశారు. మరో రెండు ఆదివారాలు పిలిపించి చూశారు. అంకె నాకన్నా నిలకడ గలది. మూడో ఆదివారం, "గోలీ మొదలువెడదాం. రోజుకొకటి. ఇగ జిందగీ మొత్తం," అన్నారు. నాకప్పుడు ముప్ఫై తొమ్మిది. జిందగీ మొత్తం అనే మాట గృహరుణం విషయంలో తప్ప వినలేదు.

మా నాన్న లెక్కల మాస్టారు. ఆయనకూ ఇంచుమించు ఈ వయసులోనే మాత్ర రాశారు. తల తిరిగిన రోజు వేసుకునేవారు, బాగున్న రోజు మానేసేవారు. బాగున్న రోజులే ఎక్కువ కావడంతో ఒక్కో అట్ట చాలాకాలం వచ్చేది. యాభై రెండో ఏట, ఓ ఉదయం స్కూలుకు బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారు. కుడిచెయ్యి. తరవాత ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నారు, అన్నం తినడం నేర్చుకున్నారు, గుండీలు మాత్రం చేతకాలేదు. మా పెళ్లయ్యాక ఆయన బతికిన నాలుగేళ్లూ రోజూ పొద్దున్న ఆ గుండీలు పెట్టింది మా ఆవిడే.

అందుకే ఆమె వెంటనే, "రాసివ్వండి డాక్టరుగారూ," అంది. నేను మూడు నెలల గడువడిగాను. ఆయన ఆరు వారాలిచ్చారు. ఉప్పు తగ్గించు, నడువు, ఆరు వారాలకు అంకె దిగకపోతే గోలీ. అదీ ఒప్పందం.

మర్నాడే ఆఫీసులో ఓ ఈమెయిల్ వచ్చింది. నల్లద్రాక్ష గురించి. ఎవరో ఎవరికో పంపితే వాళ్లు అందరికీ పంపిన రకం. నల్లద్రాక్ష గుండెకు మంచిది, రక్తనాళాలకు మంచిది, కళ్లకు, చర్మానికి, జ్ఞాపకశక్తికి మంచిది. మంచిది కానిదేదో చెప్పివుంటే ఉత్తరం ఇంకా చిన్నదయ్యేది. తొక్కలో ఉండే పదార్థానికి ఓ పొడుగాటి పేరు కూడా ఇచ్చారు. కాలేజీలో కెమిస్ట్రీ చదివినవాణ్ణి, పలకడానికి కష్టమైన పేరు కనిపిస్తే నాకు గౌరవం కలుగుతుంది. పదిమందికి పంపమన్నారు. పంపాను.

ఇంట్లో మా ఆవిడ ఉప్పు సగానికి కోసేసింది. ఆవకాయ జాడీ బట్టల అల్మారా పైకెక్కింది. పప్పు పథ్యంలా ఉండేది, పులుసు కూడా పప్పులాగే ఉండేది. నేను ఒక్కమాట అనలేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో వంటకు వంక పెట్టని ఆరు వారాలు అవే. ఆమెకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మెట్రో స్టేషను మెట్ల కింద ఓ పళ్లబండి ఉండేది. రోజూ సాయంత్రం అక్కడ పావుకిలో నల్లద్రాక్ష తినేవాణ్ణి, ఇంటికి అరకిలో తెచ్చేవాణ్ణి. మొదటిరోజు ఒట్టివే తిన్నాను. పుల్లగా ఉన్నాయి. నా మొహం చూసి బండాయన జాలిపడ్డాడు.

"మసాలా మార్ దూఁ, సార్?"

"నమక్ మనా హై, భయ్యా," అని నా ఉప్పు నిషేధం చెప్పాను.

"యే నమక్ థోడీ హై. కాలా నమక్ హై. యే తో దవా హై."

నల్ల ఉప్పు ఉప్పే కాదు, మందు. ఢిల్లీలో ఇది ఆ బండాయన ఒక్కడి అభిప్రాయం కాదు. ఉపవాసం రోజు తెల్ల ఉప్పు ముట్టనివాళ్లు నల్ల ఉప్పును మజ్జిగలో వేసుకుంటారు. కడుపుబ్బరానికీ అదే, అజీర్తికీ అదే. మా ఆఫీసులో సగంమంది దాన్ని ఉప్పు కింద లెక్కవేయరు. ఇంతమంది చదువుకున్నవాళ్లు లెక్కవేయనిదాన్ని నేనొక్కణ్ణీ వేయడం బాగుండదనిపించింది. బండాయన ద్రాక్షల్ని నడిమికి కోసి, దోసెడు మసాలా అనడం అన్యాయం గానీ, ధారాళంగానే చల్లాడు. అద్భుతంగా ఉన్నాయి. ఆరోగ్యం ఇంత రుచిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

రెండో వారానికి ఆయన దగ్గరే కొంత మసాలా కొనుక్కుని, ఖాళీ ఫిల్మ్ రీలు డబ్బాలో పోసి ఆఫీసు సంచీలో పెట్టుకున్నాను. మధ్యాహ్నం డబ్బాలోని ద్రాక్షలకు అది. దాచానని అనను. కనపడేలా పెట్టలేదు, అంతే.

ఆరు వారాలు నిండాయి. ఏప్రిల్ మొదట్లో ఓ సాయంత్రం, ఆఫీసు సంచీతోనే నేనూ, మా ఆవిడా జనక్‌పురి వెళ్లాం. నేను కాస్త ధీమాగానే చెయ్యి చాపాను. డాక్టరుగారు గాలి కొట్టారు, వదిలారు, మళ్లీ కొట్టారు.

"పెరిగిందమ్మా," అన్నారు, నాతో కాదు.

మా ఆవిడ మొహం పాలిపోయింది. "ఉప్పు సగం చేశానండీ. పచ్చడి ముట్టనివ్వలేదు. నడుస్తున్నారు కూడా."

"ఇంకేం తింటున్నవ్?"

"నల్లద్రాక్ష," అన్నాను. ఈమెయిల్ సారాంశం వినిపించాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. "మంచిదే. తొక్కతోని తింటే ఇంకా మంచిది. నీళ్లుంటయ్, పీచుంటది, గుండెకు పనికొచ్చేటివి ఉంటయ్. కానీ అది పండు. గోలీ కాదు. ఎట్ల తింటున్నవ్?"

"కడుక్కుని."

"ఒట్టివేనా?"

నా చెయ్యి సంచీ మీదికి పోయింది. అది చూసి మా ఆవిడ సంచీ లాక్కుని జిప్పు తీసింది. గొడుగు, టిఫిన్ డబ్బా, పేపరు, ఫిల్మ్ రీలు డబ్బా. మా ఇంట్లో కెమెరా చెడిపోయి రెండేళ్లయింది. ఆమె మూత తీసి వాసన చూసి బల్లమీద పెట్టింది.

డాక్టరుగారు చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. "ఫస్ట్ క్లాస్ ఉన్నది," అన్నారు. "ఆరు వారాల సంది రోజూ గిదేనా?"

"అది నల్ల ఉప్పండీ."

"రక్తానికి రంగు తెల్వదు నాయనా," అని చీటీల పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

నాకు అప్పుడు నిజంగానే భయమేసింది. అంకె చూసి కాదు, ఆ కలం చూసి. గబగబా మాట్లాడాను. తప్పు మసాలాది, ద్రాక్షది కాదన్నాను. ఇంకో ఆరు వారాలిమ్మన్నాను, ఒట్టి ద్రాక్షలే తింటానన్నాను. ఆఖరున మా నాన్న సంగతి కూడా తెచ్చాను. ఆయనకు ముప్పు వచ్చింది మాత్ర మధ్యలో మానేయడం వల్లే కదా, మొదలే పెట్టనివాడికి మానేసే ప్రమాదమే ఉండదు కదా అన్నాను. మెట్రోలో వస్తూ ఆలోచించి పెట్టుకున్న వాదన అది. అప్పుడు చాలా బలంగా అనిపించింది.

డాక్టరుగారు కలం ఎత్తి పట్టుకుని మా ఆవిడ వైపు చూశారు. ఆమె ఫిల్మ్ రీలు డబ్బాకు మూత పెట్టి నొక్కింది.

"మీ నాన్నగారు కనీసం మొదలుపెట్టారు," అంది.