ఎవరు ముందు లేవాలి?

డెబ్భైల చివర్లో ఇరాక్‌లో రోడ్డు పనికి వెళ్లాను. ఒక ముసలి రైతు నన్నూ, అక్కడ రెండేళ్లుగా ఉంటున్న మా కేసముద్రం యాకూబ్‌నూ తన పొలంలోని ఇంటికి భోజనానికి పిలిచాడు. పెద్ద పళ్లెం నిండా అన్నం, చుట్టూ ముగ్గురం. బెండకాయ పులుసు అచ్చం మా ఇంటి రుచే.

అరబ్బుల ఇళ్లలో పెద్దవాళ్లకంటే ముందు లేవడం అమర్యాదని వరంగల్ గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివాను; దారిలో యాకూబ్‌కూ చెప్పాను. అందుకే కడుపు నిండినా, ఆయన తింటున్నంతసేపూ నేనూ తిన్నాను. యాకూబ్ ఎప్పుడో చేయి కడుక్కున్నాడు.

"నీ పుస్తకం పాడుగాను! జర లే అన్నా. నువ్వు లేస్తెగాని ఆయన లేవడు. లోపల ఆడోళ్లు మిగిలిందే తినాలె," అన్నాడు తెలుగులో.

గబుక్కున లేచాను. ముసలాయన హమ్మయ్య అన్నట్టు పొట్ట నిమురుకున్నాడు. పావువంతు అన్నంతో పళ్లెం లోపలికి వెళ్లింది.

మా ఇంట్లోనూ అమ్మ అందరి తర్వాతే తింటుంది. గిన్నెలో ఎంత మిగిలిందో నేనెన్నడూ చూడలేదు.