లిఫ్టులో తిమింగలం

మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారు పోయారన్న కబురు నాకు గల్ఫ్‌లో, అబుధాబి అవతల రువైస్‌లో, పగటి డ్యూటీ అప్పగించే వేళకు వచ్చింది. "నాన్నగారు పొద్దున నిద్రలోనే పోయారు బాబాయ్" అని కాకినాడ నుంచి వాళ్లమ్మాయి వాట్సాప్‌లో పెట్టింది. చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, వచ్చిన షిఫ్ట్ వాళ్లకు ఏ పంపు ఆగిందో, ఏ వాల్వు మొరాయిస్తోందో చెప్పడం పూర్తిచేశాను. ఆయన నేర్పిన పద్ధతి అది. ఏడవాలన్నా మన కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాకే. బస్సెక్కాక గానీ ఒంట్లో ఎంత నీరసం ఉందో తెలియలేదు.

రిఫైనరీ కంట్రోల్ రూమ్‌లో పదకొండేళ్లు ఆయన కింద పనిచేశాను. ఆయనది అమలాపురం పక్క, నాది జగిత్యాల. షిఫ్ట్ దిగే ముందు కళ్లజోడు తుడుచుకుని లాగ్‌బుక్ అందుకునేవారు. అందులో 'విశేషాలేమీ లేవు' అని కనిపిస్తే ఊరుకునేవారు కాదు. "పన్నెండు గంటలు ఏమీ జరక్కుండా ఎలా ఉంటుందిరా? నువ్వు చూడలేదంతే. చిన్నదైనా రాయి" అనేవారు. రాశాక సంతకం పెట్టి, "ఖలాస్, యల్లా, ఇంటికి పోదాం" అంటూ లేచేవారు. ఆ ఇల్లన్నది ఎవరికి మాత్రం ఉంది అక్కడ? కంపెనీ క్వార్టరు, అందులో ఓ గది.

కరోనా మొదలైన ఏడాది మమ్మల్ని బయటికి పోనివ్వలేదు. ఆయన, నేను, మాతో పనిచేసే స్కాట్లాండ్ మనిషి ఒకాయన, ముగ్గురినీ ఒకే క్వార్టరులో ఉంచారు. ఆ రోజుల్లోనే అక్కడ స్కాట్లాండ్ ఆయన తల్లి పోయింది. విమానాలు లేవు, వెళ్లలేకపోయాడు. డ్యూటీకి వెళ్లేవాడు, తినేవాడు, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మా ఇన్‌ఛార్జ్ గారికి అది చూడలేక ప్రాణం ఉసూరుమనేది. "ఈ మనిషిని ఒక్కసారి నవ్వించాలిరా అబ్బాయ్" అని పట్టుబట్టారు. అందుకు ఆయనకు దొరికిన మందు, వాళ్లమ్మాయి చూడమని చెప్పిన జపాన్ కార్టూన్.

అందులో కథంటూ ఏమీ లేదు. ఒక అపార్ట్‌మెంటు, అందులో మనుషులు. పొద్దున్నే ఒకావిడ కూరగాయల సంచీతో లిఫ్టెక్కుతుంది. తరువాతి అంతస్తులో తలుపు తెరుచుకుని తిమింగలం ఎక్కుతుంది. ఎవరూ ఉలిక్కిపడరు. ఆవిడ కాస్త పక్కకు జరుగుతుంది. మూలనున్న ముసలాయన "ఎన్నో ఫ్లోరండీ?" అని మర్యాదగా అడుగుతాడు. తిమింగలం మాట్లాడదు. ఆయన నాలుగు నొక్కుతాడు. అంతే, మరుక్షణం ఎవరింట్లోనో ముల్లంగి తరుగుతూ ఉంటారు. మా ఇన్‌ఛార్జ్ గారు టీ ఒలికిపోయేలా నవ్వారు. స్కాట్లాండ్ ఆయన మాత్రం ఇంగ్లీషులో, "తిమింగలం లిఫ్టులోకి ఎందుకొచ్చింది?" అని నీరసంగా అడిగాడు.

నేను బొమ్మ ఆపి, జపాన్‌లో ఇరుగుపొరుగు మర్యాదల గురించి నాకు తెలిసిందీ తెలియనిదీ చెప్పాను. మళ్లీ వింత వస్తే మళ్లీ ఆపాను. అలా నెలంతా చెప్పుకుంటూ పోయాను. ఆయన బుద్ధిగా తలూపాడే తప్ప నవ్వలేదు.

"తెల్లోళ్లకు ఇసొంటియి ఎక్కయి సార్. ఎందుకు, ఏమిటి అని తేలాలె వాళ్లకు" అన్నాను, విసుగొచ్చి.

"వాళ్లకు కాదురా, నీకే ఎక్కలేదు. ప్యానెల్ మీద అలారం మోగితే కారణం వెతికి బటన్ నొక్కడం అలవాటైపోయింది నీకు. అది అలారం కాదు, తిమింగలం. దాని దారిన దాన్ని పోనీ" అన్నారు. నాకు రోషం వచ్చింది. రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆంక్షలు పోయాయి, ఎవరి గది వాళ్లకు వచ్చింది, ఆయన రిటైరై కాకినాడ వెళ్లిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే, "మనవాడు నవ్వాడా?" "లేదు సార్" అనేవాణ్ని. "సర్లే, చూస్తూ ఉండమను" అనేవారు. పోయిన నెల కూడా అదే అడిగారు. అబద్ధమైనా ఆడి ఉండాల్సింది అనుకున్నాను, బస్సులో కూర్చుని.

దిగి నేరుగా స్కాట్లాండ్ ఆయన గది తలుపు తట్టాను. చెప్పాను. లోపలికి రమ్మని పక్కకు జరిగాడు. ఆయనా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టున్నాడు, బూట్లు కూడా విప్పలేదు. కాసేపటికి తనే ఆ కార్టూన్ పెట్టాడు. నేను ఆపలేదు, ఏమీ చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు. అడిగే ఓపిక ఆయనకూ లేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. తిమింగలం ఎక్కింది. ముసలాయన ఎన్నో ఫ్లోరని అడిగాడు. పక్కన ముక్కుతో ఏదో చప్పుడైంది. చూస్తే స్కాట్లాండ్ ఆయన నవ్వుతున్నాడు. భుజాలు కదిలిపోయేలా, కళ్లు తుడుచుకుంటూ, ఆపుకోలేక నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. అలవాటు కొద్దీ ఫోన్ తీసి ఇన్‌ఛార్జ్ గారి నంబరు దాకా వెళ్లాను. ఇంక ఎవరికి చెప్పను?

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు లాగ్‌బుక్‌లో పంపుల సంగతి రాసి, కింద అదే ఇంగ్లీషులో ఇంకో వరుస రాశాను: 'నిన్న సాయంత్రం స్కాట్లాండ్ ఆయన నవ్వాడు.' నా తరువాత కూర్చునేది పెషావర్ మనిషి, ఆయనా మా ఇన్‌ఛార్జ్ గారి దగ్గర పని నేర్చుకున్నవాడే. పుస్తకం అందుకుని ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదువుతూ వచ్చాడు. చివరి వరుస దగ్గర వేలు ఆగింది. ఎందుకని అడగలేదు. కింద సంతకం పెట్టి, "ఔర్ కుచ్, భాయ్?" అన్నాడు.

ఇంకేమీ లేదని చెప్పి నేను లేచాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు.